షేరింగ్ ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అంటోందా? ఎక్కడ తెగిందో వరుసగా ఇలా వెతకండి

“నిన్న సాయంత్రం దాకా బాగానే వచ్చింది. ఇవాళ ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోంది. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాం, అయినా రావట్లేదు.”

ఆన్‌లైన్ సెంటర్ల నుంచి, ఆడిటర్ ఆఫీసుల నుంచి, స్కూల్ ఆఫీసుల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించే మాట ఇదే. దాదాపు అందరూ చేసే పొరపాటు కూడా ఇందులోనే ఉంది. నిన్న పనిచేసిన డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) రాత్రికి రాత్రి పాడవడం చాలా అరుదు. కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ మధ్య దారి ఎక్కడో తెగి ఉంటుంది. ఎక్కడ తెగిందో చూడకుండా డ్రైవర్ మీద పడితే రెండు గంటలు పోతాయి, టెన్షన్ మిగులుతుంది.

ఉదాహరణకు నాలుగు విండోస్ కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్, ఒక ఫైబర్ ఇంటర్నెట్ బాక్సు (రూటర్) ఉన్న చిన్న ఆఫీసును తీసుకుందాం. కింద చెప్పిన వరుస మార్చకండి. ప్రతి మెట్టూ ముందు మెట్టు సరిగా ఉందన్న నమ్మకం మీదే నిలబడి ఉంటుంది.

1. మీ ప్రింటర్ ఏ రకంగా షేర్ అయిందో ముందు చూడండి

ప్రింటర్ వెనక్కి వెళ్లి వైర్లు చూడండి. రెండు రకాలుంటాయి.

మొదటి రకం: ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ రూటర్‌కి గానీ నెట్‌వర్క్ స్విచ్‌కి (కేబుళ్లను కలిపే పెట్టె) గానీ వెళ్తుంది, లేదా ప్రింటరే వైఫైకి కలిసి ఉంటుంది. దీనికి సొంత ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే అంకెలు) ఉంటుంది. ఏ కంప్యూటర్ ఆపేసినా మిగతావాటి నుంచి ప్రింట్ వస్తుంది.

రెండో రకం: ప్రింటర్ నుంచి యూఎస్‌బీ కేబుల్ ఒక కంప్యూటర్‌కి వెళ్తుంది, మిగతా కంప్యూటర్లు దాని ద్వారా ప్రింట్ ఇస్తాయి. ఆ కంప్యూటర్ ఆగినా, నిద్రలోకి వెళ్లినా అందరికీ ప్రింట్ ఆగిపోతుంది.

ఈ రెండింటి మందు వేరు. మొదటి రకమైతే 2 నుంచి 8 దాకా చదవండి. రెండో రకమైతే 2, 3 చూసి నేరుగా 9కి వెళ్లండి. 10 రెండు రకాలకీ.

2. మొదలుపెట్టే ముందు

☐ కంప్యూటర్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి
☐ రూటర్ లాగిన్ పాస్‌వర్డ్ (చాలా బాక్సుల కింద స్టిక్కర్ మీద ఉంటుంది)
☐ పనిచేస్తుందని తెలిసిన నెట్‌వర్క్ కేబుల్ ఒకటి అదనంగా
☐ ఒక కాగితం, పెన్ను. ఏ అంకె కనిపించినా రాసుకోండి, గుర్తుంటుందిలే అనుకోకండి

ఇంకో పని చాలామంది మరిచిపోతారు. అన్ని కంప్యూటర్లలో ప్రింటర్ క్యూ (ప్రింట్ కోసం ఆగి ఉన్న వాటి వరుస) తెరిచి, పేరుకుపోయిన ప్రింట్లన్నీ క్యాన్సిల్ చేయండి. ప్రింట్ రావట్లేదని ఒక్కొక్కరు ఐదారు సార్లు కమాండ్ ఇచ్చి ఉంటారు. లైన్ కలవగానే అవన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. కాగితం వృథా అవడం ఒకటైతే, ఎవరిదో ఆధార్, ఎవరిదో బ్యాంకు పాస్‌బుక్ కాపీ ట్రేలో పడి ఉండటం అంతకన్నా పెద్ద తప్పు. జనం తమ కాగితాలు మన చేతిలో పెట్టి వెళ్తారు కదా.

3. ఒక్క కంప్యూటర్‌కా, అందరికా?

మిగతా కంప్యూటర్ల నుంచి ఒక్కో పేజీ ఇచ్చి చూడండి.

ఒక్క దాంట్లోనే రాకపోతే లోపం ఆ కంప్యూటర్‌లోనే ఉంది. ప్రింటర్‌ని, రూటర్‌ని ముట్టుకోకండి. దాని నెట్ పనిచేస్తోందో లేదో చూసి, 6వ మెట్టుకి (యూఎస్‌బీ రకమైతే 9కి) వెళ్లండి. ఆ కంప్యూటర్‌లో వీపీఎన్ (నెట్‌ని వేరే రహస్య దారిలో పంపే సాఫ్ట్‌వేర్) ఆన్‌లో ఉంటే ముందు ఆపి చూడండి. చాలా వీపీఎన్‌లు పక్కనే ఉన్న ప్రింటర్ దారిని కూడా మూసేస్తాయి.

ఎవరికీ రాకపోతే లోపం ప్రింటర్ దగ్గరో, మధ్యలోని రూటర్, స్విచ్, కేబుల్ దగ్గరో ఉంది. యూఎస్‌బీ రకమైతే ప్రింటర్ కలిపిన కంప్యూటర్ దగ్గర చూడాలి.

4. ప్రింటర్ దగ్గర నుంచి మొదలుపెట్టండి

కంప్యూటర్ ముందు కూర్చోకండి. ప్రింటర్ దగ్గరికి వెళ్లండి.

పేపర్ ఉందా, జామ్ అయిందా, ఏదైనా మూత సరిగా పడలేదా, ఎర్ర లైటు గానీ ఆరెంజ్ లైటు గానీ వెలుగుతోందా చూడండి. వీటిలో ఏది ఉన్నా కొన్ని ప్రింటర్లను విండోస్ ఆఫ్‌లైన్‌గానే చూపిస్తుంది.

తర్వాత కాన్ఫిగరేషన్ పేజీ (ప్రింటర్ తన సెట్టింగ్స్ తానే అచ్చువేసే కాగితం) తీయండి. స్క్రీన్ ఉన్న ప్రింటర్లలో సెటప్ మెనూలో రిపోర్ట్స్ కింద ఉంటుంది. స్క్రీన్ లేనివాటిలో సాధారణంగా ఏదో ఒక బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఏ బటనో మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి దాని పుస్తకంలో చూడండి.

ఆ పేజీ శుభ్రంగా వస్తే ప్రింటర్ యంత్రంగా బాగానే ఉన్నట్టు. ఇక టోనర్, డ్రమ్ గురించి ఆలోచించక్కర్లేదు. దాని మీదున్న మూడు విషయాలు రాసుకోండి: ఐపీ అడ్రస్, మ్యాక్ అడ్రస్ (తయారీలోనే పరికరానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య), కేబుల్ మీద ఉందా వైఫై మీద ఉందా అన్నది.

కేబుల్ ప్రింటర్ అయితే, చాలా మోడళ్లలో కేబుల్ దూర్చే చోట చిన్న లైటు ఉంటుంది. రూటర్ వైపు పోర్టుకీ ఉంటుంది. రెండు చోట్లా లైటు లేకపోతే కేబుల్ మార్చండి, రూటర్‌లో వేరే పోర్టులో పెట్టి చూడండి. క్లిప్పు విరిగి వదులుగా వేలాడే కేబుళ్లు చూడ్డానికి బాగానే కనిపిస్తాయి, లైన్ మాత్రం తగులుతూ పోతూ ఉంటుంది. దాన్ని టేపు వేసి అతికించకండి, మార్చేయండి.

5. ఐపీ అడ్రస్ చదవడం

సగం కథ ఇక్కడే తేలిపోతుంది. కాసేపు ఓపిక పట్టండి.

ఇప్పుడు పనిచేస్తున్న ఒక కంప్యూటర్ ఐపీ కూడా కావాలి. స్టార్ట్‌లో సీఎండీ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి, నల్ల తెర తెరిచాక ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరుసలో ఉన్నదాన్ని, డీఫాల్ట్ గేట్‌వే వరుసలో ఉన్నదాన్ని (అది రూటర్ అడ్రస్) రాసుకోండి. ప్రింటర్ అడ్రస్ పక్కన పెట్టి పోల్చండి.

ప్రింటర్ అడ్రస్ 169.254తో మొదలైతే: రూటర్ నుంచి దానికి అడ్రస్ అందలేదు, అదే ఒకటి పెట్టుకుంది. 0.0.0.0 ఉన్నా దాదాపు అదే అర్థం. కరెంటు పోయి వచ్చిన తర్వాత ఇది ఎక్కువగా జరుగుతుంది. ప్రింటర్ ముందు లేస్తుంది, రూటర్ లేవడానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. అడిగినప్పుడు అడ్రస్ ఇచ్చేవాళ్లు ఉండరు.

పరిష్కారం: ప్రింటర్, రూటర్ రెండూ ఆపండి. రూటర్ ఒక్కటే ఆన్ చేసి, కంప్యూటర్‌లో నెట్ వచ్చేదాకా ఆగండి. ఆ తర్వాతే ప్రింటర్ ఆన్ చేయండి. మళ్లీ కాన్ఫిగరేషన్ పేజీ తీసి చూడండి.

రూటర్‌నీ స్విచ్‌నీ చిన్న యూపీఎస్ మీద పెడితే ఈ బాధ చాలావరకు పోతుంది. లేజర్ ప్రింటర్‌ని మాత్రం ఆ యూపీఎస్‌కి తగిలించకండి. లోపలి హీటర్ ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

చుక్కలతో విడగొట్టిన నాలుగు అంకెల్లో మూడోది వేరుగా ఉంటే: కంప్యూటర్‌ది 192.168.0.15, ప్రింటర్‌ది 192.168.1.20 అనుకోండి. మామూలు చిన్న ఆఫీసు సెటప్‌లో మొదటి మూడు అంకెలూ రెంటికీ ఒకటే ఉండాలి. లేకపోతే అవి రెండు వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నట్టు.

మన దగ్గర దీనికి మామూలు కారణం రెండు రూటర్లు. ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చిన ఫైబర్ బాక్సులోనే వైఫై ఉంటుంది. సిగ్నల్ చాలట్లేదని మనం ఇంకో రూటర్ కొని దానికి తగిలిస్తాం. ప్రింటర్ ఒకదానికి, కంప్యూటర్లు ఇంకోదానికి కలుస్తాయి. నెట్ అందరికీ వస్తుంది కాబట్టి అనుమానం రాదు.

పరిష్కారం తేలిక: ప్రింటర్‌నీ కంప్యూటర్లనీ ఒకే రూటర్ కిందికి తెండి. శాశ్వతంగా కావాలంటే రెండో రూటర్‌ని దాని సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చండి. అప్పుడు అడ్రస్‌లు ఇచ్చే పని మొదటి బాక్సు ఒక్కటే చేస్తుంది.

ఇంటర్నెట్ కనెక్షన్ మార్చినప్పుడు కూడా ఇదే గొడవ. పాత బాక్సు 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లు ఇచ్చేది, కొత్తది 192.168.0 ఇస్తుంది. ప్రింటర్‌లో ఎప్పుడో చేత్తో పెట్టిన పాత అడ్రస్ అలాగే ఉండిపోతుంది. దాని నెట్‌వర్క్ మెనూలో ఆటోమేటిక్ లేదా డీహెచ్‌సీపీకి (రూటర్ ఇచ్చే అడ్రస్ తీసుకునే పద్ధతి) మార్చి, ఒకసారి ఆపి ఆన్ చేయండి.

మొదటి మూడు అంకెలూ కలిస్తే: మంచిది. పింగ్ చేసి, అంటే ప్రింటర్‌ని పిలిచి, జవాబు వస్తుందో లేదో చూద్దాం.

పింగ్ చేయడం

అదే నల్ల తెర మీద పింగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ప్రింటర్ అడ్రస్ టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ప్రింటర్ నిద్రలో ఉంటే మొదటి ఒకటి రెండు జవాబులు రాకపోవచ్చు, ఇంకోసారి ఇవ్వండి.

చాలామంది ఇక్కడ మోసపోతారు. ‘రిప్లై ఫ్రమ్’ అని కనిపించగానే జవాబు వచ్చేసిందనుకుంటారు. ఆ వరుసలో ఎవరి అడ్రస్ ఉందో చూడండి. ప్రింటర్ అడ్రస్ ఉంటేనే జవాబు. మీ కంప్యూటర్ అడ్రసే ఉండి చివర ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని ఉంటే ప్రింటర్ దొరకలేదనే అర్థం. కింద లాస్ 0 శాతం అని చూపించినా సరే.

జవాబు వస్తే ప్రింటర్ ఆపేసి, నిమిషం ఆగి, మళ్లీ పింగ్ చేయండి. ఇప్పుడూ జవాబు వస్తోందా? అయితే అదే అడ్రస్ ఇంకో పరికరం దగ్గర కూడా ఉంది. ఏ ఫోనో, సీసీ కెమెరా బాక్సో అయి ఉండొచ్చు. పొద్దున వచ్చి మధ్యాహ్నం పోయే ప్రింటర్ల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. ప్రింటర్‌కి వేరే అడ్రస్ ఇవ్వాలి, 8వ మెట్టు చూడండి.

చివరి పరీక్ష: ప్రింటర్‌ని మళ్లీ ఆన్ చేసి, దాని అడ్రస్‌ని బ్రౌజర్‌లో పైన కొట్టండి. నెట్‌వర్క్ ప్రింటర్లలో దాదాపు అన్నింటికీ సొంత పేజీ ఉంటుంది. అది తెరుచుకుంటే దారి మొత్తం బాగున్నట్టే. మిగిలిందల్లా విండోస్ సెట్టింగే.

6. విండోస్ పాత అడ్రస్‌నే పట్టుకుని కూర్చుందా?

నా అనుభవంలో ‘ఆఫ్‌లైన్’కి అసలు కారణం ఎక్కువసార్లు ఇదే. రూటర్ ప్రింటర్‌కి కొత్త అడ్రస్ ఇచ్చింది, విండోస్ మాత్రం పాత ఇంటి తలుపే తడుతోంది.

విండోస్ 11లో సెట్టింగ్స్ → బ్లూటూత్ అండ్ డివైసెస్ → ప్రింటర్స్ అండ్ స్కానర్స్ → మీ ప్రింటర్ → ప్రింటర్ ప్రాపర్టీస్ → పోర్ట్స్. ఇక్కడ పోర్ట్ అంటే విండోస్ ప్రింట్‌ని పంపే దారి. టిక్ ఉన్న వరుస చూడండి.

- అది స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ అయితే: ‘కాన్ఫిగర్ పోర్ట్’ నొక్కి, లోపలున్న అడ్రస్‌ని కాన్ఫిగరేషన్ పేజీ (4వ మెట్టు) మీద ఉన్నదానితో పోల్చండి. వేరుగా ఉంటే మార్చండి. పోర్ట్ పేరులో పాత అంకెలే మిగిలిపోవచ్చు, అది పేరు మాత్రమే. లోపలున్న అడ్రస్ సరిగా ఉంటే చాలు.

- డబ్ల్యూఎస్‌డీ అని మొదలైతే: విండోస్ తనంతట తాను వెతికి పెట్టుకున్న పోర్ట్ ఇది. కొన్ని చోట్ల ఏళ్ల తరబడి బాగానే నడుస్తుంది, కొన్ని చోట్ల వారానికోసారి ఆఫ్‌లైన్ అవుతుంది. ఆఫీసుల్లో దీన్ని నేను ఉంచను. ‘యాడ్ పోర్ట్’ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ ఎంచుకుని, ‘న్యూ పోర్ట్’లో ప్రింటర్ అడ్రస్ ఇవ్వండి. కొత్త పోర్ట్‌కి టిక్ పడిందో లేదో చూసి అప్లై నొక్కండి. డ్రైవర్ తీయాల్సిన పనే ఉండదు.

అడ్రస్ సరిగ్గా ఉంది, బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంటోంది, అయినా ఆఫ్‌లైన్ అంటోందా? అదే ‘కాన్ఫిగర్ పోర్ట్’లో కింద ‘ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ అన్న టిక్ తీసేయండి. విండోస్ ఆ పద్ధతిలో ప్రింటర్ బాగోగులు అడుగుతుంది. ప్రింటర్ జవాబివ్వకపోతే, నిక్షేపంగా ఉన్నా, ఆఫ్‌లైన్ అని రాసేస్తుంది.

పాత పద్ధతి క్యూ కిటికీలో ప్రింటర్ మెనూ కింద ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ అని ఒక టిక్ ఉంటుంది. ఎవరి చేతో తగిలి అది పడి ఉంటే తీసేయండి.

ఇక డ్రైవర్ మళ్లీ మళ్లీ వేసినవాళ్ల కంప్యూటర్‌లో ఒకే ప్రింటర్ రెండు మూడు సార్లు, ‘కాపీ 1’, ‘కాపీ 2’ అని కనిపిస్తుంది. మీరు ఒకదాన్ని బాగుచేస్తుంటారు, ప్రింట్ మాత్రం ఇంకోదానికి వెళ్తుంటుంది. పనిచేసేది ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి, దాన్నే డీఫాల్ట్ చేయండి. ‘లెట్ విండోస్ మేనేజ్ మై డీఫాల్ట్ ప్రింటర్’ అన్నది ఆపేయండి.

7. క్యూలో ప్రింట్ కదలకపోతే

‘డిలీటింగ్’ అని రాసి అలాగే ఉండిపోతే క్యాన్సిల్‌తో పోదు.

① స్టార్ట్‌లో సర్వీసెస్ తెరిచి, ప్రింట్ స్పూలర్ (ప్రింట్లను వరుసగా పంపే సర్వీసు) మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ నొక్కండి.
② సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, దానిలో ప్రింటర్స్ ఫోల్డర్ తెరవండి.
③ లోపలున్న ఫైళ్లు మాత్రమే తీసేయండి. ఫోల్డర్‌ని తీయకండి.
④ ప్రింట్ స్పూలర్‌ని మళ్లీ స్టార్ట్ చేయండి.

8. అడ్రస్ మళ్లీ మారకుండా కట్టేయండి

ఇది చేయకుండా లేస్తే నెలలోపు మళ్లీ ఇదే పని పడొచ్చు.

మంచి దారి రూటర్‌లో రిజర్వేషన్. బ్రౌజర్‌లో గేట్‌వే అడ్రస్ కొడితే తెరుచుకునే రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ కింద ‘అడ్రస్ రిజర్వేషన్’ అనో, ‘స్టాటిక్ డీహెచ్‌సీపీ’ అనో ఉంటుంది. అక్కడ ప్రింటర్ మ్యాక్ అడ్రస్, మీరు ఇవ్వాలనుకున్న ఐపీ రాసి సేవ్ చేయండి. ప్రింటర్‌లో ఆటోమేటిక్ అనే ఉంచండి. అడ్రస్ మారితే 6వ మెట్టులో చెప్పినట్టు విండోస్ పోర్ట్‌లోనూ మార్చండి. కేబుల్‌కీ వైఫైకీ మ్యాక్ అడ్రస్‌లు వేరుగా ఉంటాయి, ప్రస్తుతం వాడుతున్న దాన్నే రాయండి.

ఇంటర్నెట్ వాళ్లు బాక్సు పాస్‌వర్డ్ ఇవ్వకపోతే రెండో దారి, ప్రింటర్‌లోనే చేత్తో అడ్రస్ పెట్టడం. రూటర్ పంచే వరుస ఏదో ఇంటర్నెట్ వాళ్లని అడిగి, దాని బయట ఉన్న అంకె ఎంచుకోవాలి. 192.168.1.100 నుంచి 192.168.1.199 దాకా పంచుతుంటే ప్రింటర్‌కి 192.168.1.50 పెట్టొచ్చు. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే మీరు కాగితం మీద రాసుకున్నదే. ఆ వరుస లోపలి అంకె పెడితే, రేపు ఏ ఫోన్‌కో అదే అంకె వెళ్లి ఇందాకటి తగువే మళ్లీ వస్తుంది.

వైఫై ప్రింటర్లకు ఇంకో రెండు మాటలు. చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ పేరు వాటికి కనపడనే కనపడదు. గెస్ట్ వైఫైకి కలిపితే నెట్ వస్తుంది గానీ, పక్క పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా రూటర్ అడ్డుకుంటుంది. వీలుంటే ప్రింటర్‌కి కేబుల్ వేయండి. వంద రూపాయలో రెండు వందలో పెట్టే కేబుల్ ఎన్నో ఉదయాలు కాపాడుతుంది.

9. యూఎస్‌బీ ద్వారా షేర్ చేసిన ప్రింటర్ అయితే

ప్రింటర్ కలిపిన కంప్యూటర్‌ని ఇక్కడ ‘మెయిన్ కంప్యూటర్’ అందాం. ముందు దాని నుంచి ప్రింట్ తీయండి. అక్కడే రాకపోతే యూఎస్‌బీ కేబుల్ చూడండి, నెట్‌వర్క్ జోలికి వెళ్లొద్దు. అక్కడ వస్తే మెయిన్ కంప్యూటర్‌లో ఇవి చూడండి:

☐ పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ ‘నెవర్’ అని ఉందా
☐ నెట్‌వర్క్ ‘ప్రైవేట్’ అని ఉందా. రూటర్ మార్చాక విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా చూసి ‘పబ్లిక్’లో పెట్టేస్తుంది, షేరింగ్ ఆగిపోతుంది
☐ అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్‌లో ఉందా
☐ ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ టిక్ ఉందా, షేర్ పేరు చిన్నగా ఖాళీలు లేకుండా ఉందా

పాస్‌వర్డ్ అడిగి, ఏది ఇచ్చినా ఒప్పుకోకపోతే: మీరు రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు. పాస్‌వర్డే లేని అకౌంట్ కూడా నెట్‌వర్క్ మీద చెల్లదు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 తర్వాత పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వెళ్లే పాత అలవాటు ప్రో ఎడిషన్‌లోనూ ఆగిపోయింది. మెయిన్ కంప్యూటర్‌లో ప్రింటింగ్ కోసమే ఒక లోకల్ అకౌంట్ తెరిచి గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. మిగతా కంప్యూటర్లలో క్రెడెన్షియల్ మేనేజర్ (విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోటు) తెరిచి, పాతవి తీసేసి, ఈ పేరూ పాస్‌వర్డూ చేర్చండి.

చివర 11బి అని ఉన్న ఎర్రర్ వస్తే: 2021 సెప్టెంబరు విండోస్ అప్‌డేట్ల తర్వాత మొదలైన ఇబ్బంది ఇది. ఒక కంప్యూటర్ అప్‌డేట్ అయి ఇంకోటి కాకపోతే వస్తుంది. రెండింటినీ పూర్తిగా అప్‌డేట్ చేయండి. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ పట్టిక) ఒక విలువను సున్నా చేయమని చాలామంది చెప్తారు. పని జరుగుతుంది గానీ, భద్రత కోసం వేసిన తాళం తీసినట్టవుతుంది. జనం కాగితాలు ఉండే కంప్యూటర్లలో నేను ఆ పని చేయను.

అప్‌డేట్ చేసినా 11బి గానీ, 709 గానీ వదలకపోతే: ఇది చాలాసార్లు పనికొచ్చింది. రెండో కంప్యూటర్‌లో కొత్త ప్రింటర్‌ని మాన్యువల్‌గా చేర్చడం ఎంచుకుని, లోకల్ ప్రింటర్ అని చెప్పి, ‘క్రియేట్ ఎ న్యూ పోర్ట్’లో ‘లోకల్ పోర్ట్’ తీసుకోండి. పోర్ట్ పేరు అడిగిన చోట రెండు బ్యాక్‌స్లాష్‌లు, మెయిన్ కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, షేర్ పేరు టైప్ చేయండి. తర్వాత ఆ ప్రింటర్ డ్రైవర్‌ని ఎంచుకోండి. పై పాస్‌వర్డ్ సంగతి ముందే సరిచేసి ఉండాలి, లేకపోతే ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది.

ప్రింటర్ వెనక నెట్‌వర్క్ కేబుల్ పట్టే చోటు ఉండి కూడా యూఎస్‌బీ మీద నడుపుతున్న ఆఫీసులు చాలా చూశాను. మీదీ అలాంటిదే అయితే ఈ మెట్టు మీద కుస్తీ పట్టకండి. కేబుల్ వేసి, 4వ మెట్టు నుంచి మొదటి రకంలోకి మారిపోండి.

10. ప్రింటర్ మీద అతికించాల్సిన కాగితం

అంతా కలిశాక ప్రతి కంప్యూటర్ నుంచి టెస్ట్ పేజీ తీయండి. రూటర్‌నీ ప్రింటర్‌నీ ఒకసారి ఆపి ఆన్ చేసి మళ్లీ తీయండి. రెండోసారి కూడా వస్తేనే పని అయినట్టు. తర్వాత ఇవి రాసి ప్రింటర్ పక్కన అతికించండి:

☐ ప్రింటర్ మోడల్, ఐపీ అడ్రస్, మ్యాక్ అడ్రస్
☐ ఏ రూటర్‌కి, ఎన్నో పోర్టుకి కలిసి ఉంది
☐ యూఎస్‌బీ రకమైతే మెయిన్ కంప్యూటర్ పేరు, షేర్ పేరు (పాస్‌వర్డ్ మాత్రం గోడ మీద రాయకండి)
☐ కరెంటు వచ్చాక ముందు రూటర్, నెట్ వచ్చాక ప్రింటర్
☐ చివరిసారి ఏం మార్చారు, ఏ తేదీన

మీరు లేని రోజు ప్రింటర్ ఆగి, మీ అబ్బాయో కౌంటర్‌లో కూర్చునే అమ్మాయో మెకానిక్‌కి ఫోన్ చేస్తే, అతను మొదట అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబు ఆ కాగితం మీదే ఉంటుంది.